జారుముడులతో అల్లిన జిగురు: తడిలో అంటుకుని వెలిగే హైడ్రోజెళ్లు

భీమవరం చుట్టుపక్కల రొయ్యలు ఒలిచే షెడ్లలో పనిచేసే మహిళల చేతులు పని మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా తడిసే ఉంటాయి. ఐసు మధ్య నుంచి రొయ్యను తీయాలి, తల విరవాలి, తొక్క ఒలవాలి, వీపు మీది నల్లటి పేగు లాగాలి, మళ్లీ నీళ్లలో వేయాలి. రొయ్య తల ముందు రంపంలాంటి ముల్లు ఒకటి పొడుచుకొచ్చి ఉంటుంది. అది వేళ్లకు గుచ్చుకోవడం ఈ పనిలో మామూలు. గుచ్చుకున్నచోట ప్లాస్టరు వేస్తే కాసేపటికే ఊడి తొట్టిలో తేలుతుంది. చెరువులో దిగి వల లాగే కూలీకి, దమ్ము చేసిన మడిలో నాట్లు వేసే మనిషికి కూడా ఇదే అనుభవం. గోదావరి డెల్టాలో పని అంటే చాలావరకు నీళ్లతో పని. ఆ నీళ్లలోనే అంటుకుని నిలిచే కట్టు లేకపోవడం పెద్ద లోటు. తెరిచి ఉన్న పుండులోకి ఉప్పునీటి సూక్ష్మజీవులు, ముఖ్యంగా విబ్రియో జాతివి, సులువుగా చేరతాయి.

ఈ లోటు తీర్చగల పదార్థాల కుటుంబం ఒకటి రసాయన శాస్త్రంలో కొన్నేళ్లుగా రూపుదిద్దుకుంటోంది. ఒంటినిండా నీళ్లు నింపుకున్న మెత్తటి జెల్ అది. తడి చర్మానికి అంటుకుంటుంది, తెగితే తనంత తాను అతుక్కుంటుంది, అతినీలలోహిత కాంతి వేస్తే వెలుగుతుంది. ఇన్ని గుణాలూ ఒకే మూలం నుంచి వస్తాయి: ఆ జెల్‌ను అల్లిన రసాయన బంధాలు ఊడి మళ్లీ పడగలవు. అవి ఎప్పుడు ఊడాలో, ఎప్పుడు పడాలో తేల్చేది చుట్టూ ఉన్న నీరు. అందుకే ఈ జెళ్లను ప్రయోగశాల గాజుపాత్రలో చూసి మెచ్చుకోవడం ఒక ఎత్తు, డెల్టా నీళ్లలో పెట్టి తూచడం మరో ఎత్తు.

ముందు ప్లాస్టరు సంగతి. దాని మీది బంక నీటితో పొసగనిది. పొడి చర్మం మీద నొక్కితే చర్మపు ఎగుడుదిగుళ్లలోకి పారి పట్టుకుంటుంది. రెండు వస్తువులు అంటుకోవాలంటే వాటి అణువులు ఒకదానికొకటి నానోమీటరు దూరంలోకి రావాలి. ఆ కొలతలో చూస్తే కంటికి ఆనని నీటి పొర కూడా గోదావరి పాయంత అడ్డం. పైగా చర్మం నీటికి చోటిచ్చినంత ఇష్టంగా బంకకు చోటివ్వదు. కాబట్టి నీళ్లను తోసేసే బంకను ఎంత మెరుగుపరిచినా తడి చేతి మీద దానిది ఓడిపోయే పోరాటమే. నీళ్లతో పొత్తు కుదిరే పదార్థాన్నే బంకగా మలచాలన్న ఆలోచన ఇక్కడే పుట్టింది.

అలాంటి పదార్థం ఇంటింటా ఉంది. వేసవిలో సబ్జా గింజలు నానబెడితే ప్రతి గింజ చుట్టూ పారదర్శకమైన పొర ఉబ్బుతుంది. పొడవాటి చక్కెర గొలుసులు వలలా అల్లుకుని, తమ బరువుకు ఎన్నో రెట్ల నీటిని పట్టి ఉంచిన హైడ్రోజెల్ అది. లేత తాటి ముంజె కూడా ఆ కోవలోదే. దాన్ని కొరికితే నీళ్లు వస్తాయి గానీ పళ్లెంలో పెడితే కారిపోవు. నీరు ద్రవంగానే ఉంటూ వల గడుల్లో చిక్కుకుపోవడమే హైడ్రోజెల్ రహస్యం. మనిషి చేత్తో తయారై వైద్యంలో స్థిరపడిన హైడ్రోజెళ్లకు తొలి పునాది ప్రాగ్ నగరంలో పడింది. ఒట్టో విఖ్టర్లే, ద్రహొస్లావ్ లీమ్ 1960లో ప్రచురించిన పరిశోధన నుంచే మెత్తటి కాంటాక్ట్ లెన్సులు వచ్చాయి. వారి జెల్‌లో గొలుసులను కలిపిన బంధాలు శాశ్వతమైనవి. కంటి మీద కుదురుగా కూర్చోవాల్సిన లెన్సుకు అదే కావాలి. గాయం మీద కదులుతూ, సాగుతూ, అంటుకుంటూ, అవసరం తీరాక వదిలిపోవాల్సిన కట్టుకు మాత్రం అది సరిపోదు.

పీటముడి, జారుముడి

వల అల్లేవారి భాషలో చెప్పుకుంటే విఖ్టర్లే జెల్ పీటముళ్లతో అల్లినది. ఎక్కడైనా తెగితే ఆ ముడి మళ్లీ పడదు. తెగినచోటి నుంచి చిరుగు పాకుతూ పోతుంది. ద్విగత బంధాలతో, అంటే రెండు దిక్కులకూ నడిచే చర్యల వల్ల ఏర్పడిన బంధాలతో, అల్లిన జెల్ జారుముళ్ల వల. లాగితే కొన్ని ముళ్లు జారతాయి, వదిలితే దగ్గరలో ఉన్న మరో పోగుతో ముడి పడుతుంది. రెండు దిక్కులకూ నడిచే చర్య డెల్టా ఇళ్లలో కొత్తది కాదు. పసుపులో సున్నం కలిపితే ఎర్రటి పారాణి అవుతుంది. అందులో వెంటనే నిమ్మరసం పిండితే మళ్లీ పసుపు రంగుకు తిరుగుతుంది. పదార్థం అదే, చుట్టూ ఉన్న క్షారమో ఆమ్లమో దాని దిక్కు మార్చింది.

జారుముడి ఎలా పనిచేస్తుందో కళ్లతో చూడాలంటే వెలిగారం చాలు. కంసాలులు బంగారం అతికేటప్పుడు వాడే ఆ తెల్లటి పలుకులను నీళ్లలో కరిగించి, పాలీవినైల్ ఆల్కహాల్ అనే పాలిమర్ (పొడవాటి గొలుసు అణువుల పదార్థం) ద్రావణంలో పోసి కలిపితే జిగటగా సాగే ముద్ద తయారవుతుంది. పిల్లలు ఆడుకునే స్లైమ్ ఇదే. దీన్ని ఉండ చేసి బల్ల మీద వదిలేస్తే అట్ల పిండిలా నెమ్మదిగా పరుచుకుంటుంది. అదే ఉండను నేలకు కొడితే బంతిలా ఎగురుతుంది. మెల్లగా లాగితే జానల కొద్దీ సాగుతుంది, ఒక్క గుంజు గుంజితే పటుక్కున తెగుతుంది. తెగిన రెండు ముక్కలను ఆనించి పెడితే కాసేపటికి మళ్లీ ఒకటవుతాయి. ఒకే ముద్ద ఒకసారి ద్రవంలా, ఒకసారి రబ్బరులా, ఒకసారి పెళుసుగా ప్రవర్తించడం చూసి మొదటిసారి ఎవరైనా ఆశ్చర్యపోతారు.

దీని వెనుక ఉన్నది బంధం ఆయుష్షు. వెలిగారంలోని బోరాన్ పాలిమర్ గొలుసుల మీది హైడ్రాక్సిల్ (ఆక్సిజన్, హైడ్రోజన్ కలిసిన సమూహం) జంటలను పట్టుకుని రెండు గొలుసులను కలుపుతుంది. ఆ పట్టు ఎల్లకాలం ఉండదు. సెకనుకు అటూ ఇటూగా నిలిచి ఊడిపోతుంది, ఇంకోచోట మళ్లీ పడుతుంది. లాగే వేగం ఈ ఆయుష్షు కంటే నెమ్మదిగా ఉంటే ముళ్లకు జారి మళ్లీ పడే తీరిక దొరుకుతుంది, ముద్ద పారుతుంది. వేగం ఎక్కువైతే తీరిక దొరకదు, ముద్ద గట్టి వస్తువులా ఎదురు నిలుస్తుంది. ద్విగత బంధాల జెల్‌ను తయారుచేసే శాస్త్రవేత్త చేతిలోని అసలు పగ్గం ఇదే. బంధం ఎంత బలమైనదన్న ప్రశ్న కంటే ఎంతసేపు నిలుస్తుందన్న ప్రశ్న ముఖ్యం. ఆయుష్షు మరీ తక్కువైతే జెల్ కారిపోతుంది. మరీ ఎక్కువైతే పీటముడి అయిపోతుంది. వేలు ముడిచి తెరిచే వేగానికి, సూదిలో నుంచి జెల్‌ను ఎక్కించే వేగానికి, రాత్రంతా కట్టు కదలకుండా ఉండాల్సిన వ్యవధికి తగిన ఆయుష్షు వేర్వేరు.

నూకలు ఒక చేయి, రొయ్య తొక్క మరో చేయి

ఇలాంటి జెళ్లలో ఎక్కువగా కనిపించే బంధం ఇమీన్. హ్యూగో షిఫ్ 1864లో వివరించినందున దీన్ని షిఫ్ బేస్ అని కూడా అంటారు. ఒక పక్క నత్రజని ఉన్న అమీన్ సమూహం, మరో పక్క కార్బన్, ఆక్సిజన్ ఉన్న ఆల్డిహైడ్ సమూహం. రెండూ కలిసినప్పుడు ఒక నీటి అణువు బయటికి పోయి కార్బన్‌కూ నత్రజనికీ మధ్య జోడు బంధం పడుతుంది. ఈ చర్యకు వేడి, ఉత్ప్రేరకం, విషపు ద్రావణి ఏవీ అక్కర్లేదు. గది ఉష్ణోగ్రతలో, నీళ్లలో, నిమిషాల్లో జరిగిపోతుంది. నీరే ఉప ఉత్పత్తి కాబట్టి నీళ్లలో అది వెనక్కి కూడా నడుస్తుంది. ఆమ్లత్వం పెరిగితే వెనక్కి, తటస్థంగానో కాస్త క్షారంగానో ఉంటే ముందుకు. సముద్రం దగ్గరి కాలువలో నీరు ఆటుపోట్లను బట్టి దిక్కు మార్చినట్టే ఈ చర్య పీహెచ్‌ను, అంటే ఆమ్లమో క్షారమో చెప్పే అంకెను, బట్టి దిక్కు మారుస్తుంది. పీహెచ్ 7 తటస్థం, తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం.

డెల్టా వాసులు ఈ బంధం గురించి ప్రత్యేకంగా పట్టించుకోవాల్సిన కారణం ఒకటుంది: దాని రెండు చేతులూ ఇక్కడే దొరుకుతాయి. అమీన్ చేయి రొయ్య తొక్కలో ఉంది. తొక్కలోని కైటిన్ నుంచి ఎసిటైల్ సమూహాలను తొలగిస్తే కైటోసాన్ వస్తుంది, దాని గొలుసు పొడవునా అమీన్ సమూహాలు వేలాడుతుంటాయి. ఆల్డిహైడ్ చేయి బియ్యపు గంజిలో దాగి ఉంది. ఆత్రేయపురంలో కాగిన కుండ మీద పూతరేకుగా మారే పిండి పదార్థమే, అంటే స్టార్చే, దీనికి ముడిసరుకు. స్టార్చ్ గొలుసులోని ప్రతి చక్కెర వలయంలో పక్కపక్కనే రెండు హైడ్రాక్సిల్ సమూహాలు ఉంటాయి. సోడియం పెర్ అయోడేట్ ఆ రెంటి మధ్య బంధాన్ని కత్తిరించి రెండు ఆల్డిహైడ్‌లను మిగులుస్తుంది. ఇలా మార్చిన స్టార్చ్‌నూ కైటోసాన్‌నూ కలిపితే ఇమీన్ ముళ్లు పడి జెల్ గడ్డకడుతుంది. మిల్లులో చౌకగా పోయే నూకలు, షెడ్డు వెనుక కుప్పపడే తొక్కలు కలిసి గాయానికి కట్టు కావడం కాగితం మీద ఎంతో అందమైన ఆలోచన.

ఆ అందం వెనుక ఒక చిక్కుంది. సాధారణ కైటోసాన్ ఆమ్ల నీటిలోనే కరుగుతుంది, పీహెచ్ 6.5 దాటితే అవక్షేపంగా దిగిపోతుంది. ఇమీన్ బంధానికేమో ఆమ్లం పడదు. ఒకరికి కావాల్సింది మరొకరికి గిట్టదు. అందుకే కార్బాక్సీమిథైల్ కైటోసాన్, గ్లైకాల్ కైటోసాన్ వంటి తటస్థ నీటిలో కరిగే రూపాలను తయారుచేసి వాడతారు. ఆల్డిహైడ్ వైపు కూడా ఎంపిక ఉంది. బెంజీన్ వలయం మీద కూర్చున్న ఆల్డిహైడ్ వేసే ముడి, మామూలు గొలుసు ఆల్డిహైడ్ వేసే ముడి కంటే నీళ్లలో ఎక్కువసేపు నిలుస్తుంది. పెర్ అయోడేట్ ఖరీదైనది, మిగిలిన అయోడిన్ సమ్మేళనాలను పూర్తిగా కడిగేయాలి. ఇలాంటి చిన్న చిన్న వివరాల దగ్గరే మంచి జెల్, పనికిరాని జెల్ వేరుపడతాయి.

ఇక అంటుకోవడం. ఇమీన్ జెల్ చర్మానికి ఎందుకు పట్టుకుంటుందంటే మన చర్మపు ప్రోటీన్లలోనూ అమీన్ సమూహాలు ఉన్నాయి. లైసిన్ అనే అమైనో ఆమ్లం వాటిని అందిస్తుంది. జెల్‌లో ముడిపడకుండా మిగిలిపోయిన ఆల్డిహైడ్‌లు ఆ లైసిన్‌లను పట్టుకుంటాయి. లోపల వలను అల్లిన ముడే బయట ఒంటికీ పడుతుందన్నమాట. ఇక్కడ పొదుపు లెక్క వస్తుంది. ఆల్డిహైడ్‌లన్నీ లోపలి అల్లికకే ఖర్చయితే జెల్ గట్టిపడుతుంది గానీ అంటుకోదు. మరీ మిగిలితే బాగా అంటుకుంటుంది గానీ లోపల వదులవుతుంది, పైగా స్వేచ్ఛగా ఉన్న ఆల్డిహైడ్ కణాలకు మంచిది కాదు.

ఉపరితలానికి పట్టుకున్నంత మాత్రాన బంక గట్టిదైపోదు. పీకేటప్పుడు వచ్చే శక్తిని లోపలి పదార్థం మింగుకోగలగాలి, లేకపోతే పట్టు అంచు దగ్గరే తెగుతుంది. జారుముళ్ల గొప్ప ఉపయోగం ఇది. పట్టు అంచు దగ్గర లాగుడు పడగానే వెనుక ఉన్న ముళ్లు ఒక్కొక్కటిగా జారుతూ ఆ శక్తిని వేడిగా ఖర్చు చేస్తాయి. 2012లో హార్వర్డ్ పరిశోధకులు సముద్రపు నాచు నుంచి వచ్చే ఆల్జినేట్, కృత్రిమ పాలిమర్ అయిన పాలీఎక్రిలమైడ్ అనే రెండు వలలను ఒకదానిలో ఒకటి అల్లి ఈ సూత్రాన్ని గట్టిగా రుజువు చేశారు. దాదాపు 90 శాతం నీరున్న ఆ జెల్ తన పొడవుకు 20 రెట్లు సాగింది. ఒక్క ఆల్జినేట్ జెల్ అయితే 1.2 రెట్లకే తెగుతుంది. ఆల్జినేట్‌ను కాల్షియం అయాన్లు పట్టుకున్న ముళ్లు జారి శక్తిని మింగాయి, పాలీఎక్రిలమైడ్ పీటముళ్లు ఆకారాన్ని కాపాడాయి. రెండు రకాల ముళ్లూ ఉన్న వలే మేలైన వల.

నీటి పొర అడ్డు సంగతి మిగిలే ఉంది. 2019లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ బృందం దీనికి సూటి పరిష్కారం చూపింది. జెల్‌ను ముందే ఎండబెట్టి టేపులా ఇస్తే, తడి కణజాలం మీద పెట్టగానే అది మధ్యలో ఉన్న నీటిని తాగేస్తుంది. అడ్డు తొలగాక బంధాలు పడతాయి. ఇదంతా 5 సెకన్లలో ముగుస్తుంది. రాళ్లకు పట్టుకునే మసెల్ జాతి ఆల్చిప్ప కొన్ని కోట్ల ఏళ్లుగా చేస్తున్న పని కూడా నీటిని తొలగించి పట్టుకోవడమే. దాని జిగురు ప్రోటీన్‌లో డోపా అనే అసాధారణ అమైనో ఆమ్లం ఉందని 1981లో హెర్బర్ట్ వెయిట్ తేల్చారు. డోపాలోని కాటెకోల్ సమూహం రాతినీ లోహాన్నీ పట్టుకుంటుంది. ఇందులో ఎక్కువ ఆలోచింపజేసే సంగతి మరొకటి. సముద్రపు నీటి క్షారత్వంలో కాటెకోల్ తొందరగా ఆక్సీకరణం చెంది పట్టు కోల్పోతుంది. అందుకని ఆల్చిప్ప జిగురు వదిలేటప్పుడు తన పాదం కింది చిన్న చోటును బయటి సముద్రం కంటే ఎంతో ఆమ్లంగా మారుస్తుంది. జిగురును మాత్రమే తయారుచేసి ఊరుకోకుండా, ఆ జిగురు పనిచేసే నీటిని కూడా అది తయారుచేసుకుంటుంది. మనిషి చేసే జెళ్లలో ఈ రెండో సగం మీద శ్రద్ధ ఇంకా చాలలేదు.

వెలుగు ఎందుకు

కాకతాళీయమే అయినా ఆర్థర్ కాటన్ తలపెట్టిన ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన 1852లోనే ఇంగ్లండులో జార్జ్ గాబ్రియెల్ స్టోక్స్ క్వినైన్ ద్రావణం మీద అతినీలలోహిత కాంతి పడితే నీలి వెలుగు రావడాన్ని వివరించి, దానికి ఫ్లోరోసెన్స్ అని పేరు పెట్టారు. తెలుగులో ప్రతిదీప్తి అంటున్నాం. అణువు కాంతిని మింగి పై మెట్టు ఎక్కుతుంది, కొంత శక్తిని వేడిగా పోగొట్టుకుని, మిగిలినదాన్ని తక్కువ శక్తి ఉన్న మరో రంగు కాంతిగా వదులుతుంది. దుకాణంలో నోట్లు పరిశీలించే టార్చి కింద నోటు మీద మెరిసే పోగులు ఇలా వెలిగేవే. చిటికెడు పసుపును కొబ్బరినూనెలో కలిపి చీకట్లో ఆ టార్చి వేస్తే ఆకుపచ్చ వెలుగు కనిపిస్తుంది. అదే పసుపు నీళ్లలో మసకబారుతుంది. ఈ ఒక్క తేడా చాలు, వెలిగే హైడ్రోజెల్ చేయడం ఎంత కష్టమో చెప్పడానికి. హైడ్రోజెల్‌లో ఉన్నదంతా నీరే, వెలిగే అణువులు చాలావాటికి నీరు గిట్టదు.

వెలుగును జెల్‌లో పెట్టడానికి తేలిక దారి, రంగును కలిపేయడం. అది క్రమంగా కారిపోతుంది. అంతకంటే మేలైన దారి వెలుగును ముడికే కట్టడం. యూరోపియం, టెర్బియం అనే అరుదైన మృత్తికా లోహాల అయాన్లు ఈ పనికి అనువైనవి. యూరోపియం ఎర్రగా, టెర్బియం ఆకుపచ్చగా వెలుగుతాయి. ఇవి నేరుగా కాంతిని బాగా పట్టుకోలేవు. పక్కనున్న కర్బన అణువు కాంతిని పట్టి వీటికి అందించాలి, యాంటెన్నా ఇంట్లోని టీవీకి సంకేతం అందించినట్టు. ఆ కర్బన అణువులు పాలిమర్ గొలుసుల మీద ఉంటే, లోహ అయాన్ రెండు మూడు గొలుసులను కలిపే ముడి అవుతుంది. ముడి ఉన్నంతసేపే వెలుగు. ఆమ్లం పోస్తే ముడి ఊడుతుంది, వెలుగు ఆరుతుంది. క్షారంతో సరిచేస్తే రెండూ తిరిగి వస్తాయి. ఇక్కడా నీరు పేచీ పెడుతుంది: నీటి అణువులోని ఆక్సిజన్, హైడ్రోజన్ బంధం కంపనాలు లోహ అయాన్ దగ్గరి శక్తిని దోచుకుంటాయి. అందుకని అయాన్ చుట్టూ నీరు చేరకుండా కర్బన అణువులతో కంచె కట్టాలి.

మరో దారి 2001లో హాంకాంగ్‌లో బెన్ జోంగ్ టాంగ్ బృందం వెలుగులోకి తెచ్చినది. మామూలు రంగుల అణువులు గుంపైతే వెలుగు తగ్గుతుంది. కొన్ని అణువులు మాత్రం విడివిడిగా ఉన్నప్పుడు రెక్కలు ఆడిస్తూ శక్తిని వృథా చేసి, గుంపై కదలలేనప్పుడు వెలుగుతాయి. అలాంటివాటిని జెల్ అల్లికలో కడితే, వల బిగుతుగా ఉన్నచోట వెలుగు ఎక్కువ, వదులైనచోట తక్కువ. కార్బన్ డాట్లు మూడో దారి. 2004లో కార్బన్ నానోగొట్టాలను శుద్ధి చేస్తుండగా అనుకోకుండా కనిపించిన, కాంతి వేస్తే వెలిగే ఈ నానోరేణువులను ఇప్పుడు కైటోసాన్‌ను నీళ్లతో మూసిన పాత్రలో వేడిచేసి కూడా తయారుచేస్తున్నారు.

ఈ గుణాలన్నీ ఒకచోట ఇమడాలంటే పొత్తు కుదరక ఎక్కడో ఒకచోట గొడవ తప్పదు. కాటెకోల్‌ను ఇనుముతో కలిపితే బలమైన జారుముడి పడుతుంది. కానీ కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపి సిరా చేసిన పాతకాలపు వారికి తెలుసు, ఆ కలయిక నల్లగా మారుతుంది. ఆ నలుపు కాంతిని మింగేస్తుంది, జెల్‌లో వెలుగు మిగలదు. అంటే ఆల్చిప్ప పద్ధతిలో అంటుకునే జెల్‌కు వెలుగు కావాలంటే ఇనుమును వదులుకోవాలి, లేదా వెలిగే భాగాన్నీ అంటుకునే భాగాన్నీ వేర్వేరు పొరల్లో ఉంచాలి. పరిశోధన పత్రాల్లో ఒకే జెల్‌కు అన్ని సుగుణాలూ వరుసగా రాసినప్పుడు, ప్రతి గుణాన్నీ ఏ పీహెచ్‌లో, ఎంత ఉప్పులో, ఎంతసేపు కొలిచారో విడివిడిగా చూడాలి. ఒకే నీటిలో అన్నీ నిలిచినప్పుడే ఆ వరుసకు విలువ.

మరి ఇంత శ్రమపడి వెలిగించడం దేనికి? కట్టు విప్పకుండా లోపలి సంగతి తెలుసుకోవడానికి. ఆరోగ్యంగా ఉన్న చర్మం కాస్త ఆమ్లంగా, పీహెచ్ 5 ప్రాంతంలో ఉంటుంది. మానని పుండు 7 నుంచి 9 మధ్య క్షారానికి జరుగుతుంది. పీహెచ్‌కు స్పందించే వెలుగు ఆ జరుగుడును రంగులో చూపగలదు. జెల్ కరిగిపోతున్న కొద్దీ వెలుగు తగ్గితే, కట్టు ఎప్పుడు మార్చాలో కూడా తెలుస్తుంది. శరీరం లోపలి గాయాలకు ఈ వెసులుబాటు తక్కువ. అతినీలలోహిత కాంతి చర్మం లోతుకు పోదు, నెత్తురు దాన్ని మింగేస్తుంది. 650 నుంచి 900 నానోమీటర్ల మధ్య, అంటే ఎరుపు నుంచి దాని అవతలి పరారుణం దాకా, వెలిగే అణువులు అక్కడ కావాలి. వేలి మీది కట్టుకు మాత్రం చిన్న టార్చి చాలు.

చెరువు గట్టు మీద దీనికి మరో పని ఉంది. రొయ్య పాడవుతున్నప్పుడు అమోనియా, ట్రైమిథైల్ అమీన్ వంటి ఆవిరులు వస్తాయి. అవి క్షారాలు కాబట్టి పీహెచ్‌కు స్పందించే వెలుగును మార్చగలవు. ఐసు పెట్టె మూత లోపల అతికించిన చిన్న జెల్ ముక్క రంగు మార్చి చెప్పే తాజాదనపు గుర్తు ఇలాగే పుట్టింది. టెట్రాసైక్లిన్ జాతి యాంటీబయాటిక్ మందు యూరోపియం అయాన్‌కు తానే యాంటెన్నాగా మారి ఎర్ర వెలుగును పెంచుతుంది. ఆ జాతి అవశేషాలను పసిగట్టే జెళ్లు ప్రయోగశాలల్లో ఉన్నాయి. అయితే ఎగుమతి సరుకు తిరిగి రావడానికి పేరుపడిన క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్‌లనే వేరే యాంటీబయాటిక్‌లు ఇలా యూరోపియాన్ని వెలిగించవు. ఒక రంగు చూసి సరుకంతా శుభ్రమని నమ్మితే రైతుకే నష్టం. ఇలాంటి జెల్ తొలి జల్లెడగా పనికొస్తుంది. ధ్రువీకరణ మాత్రం అణువులను వాటి బరువును బట్టి గుర్తించే మాస్ స్పెక్ట్రోమెట్రీ పరీక్ష చేతిలోనే ఉంటుంది.

తొట్టిలోని నీళ్లు

ఇప్పుడు మళ్లీ షెడ్డు దగ్గరికి. ఈ జెళ్లను సాధారణంగా ఫాస్ఫేట్ బఫర్‌లో, అంటే పీహెచ్ 7.4 దగ్గర నిలిపిన ఉప్పు ద్రావణంలో పరీక్షిస్తారు. ఒలిచే షెడ్డులోని చేయి అలాంటి నీళ్లను రోజంతా ఒక్కసారి కూడా తాకదు. రొయ్యకు నల్లమచ్చ రాకుండా ముంచే సోడియం మెటాబైసల్ఫైట్ నీళ్లను తీసుకుందాం. అందులోని బైసల్ఫైట్ ఆల్డిహైడ్‌లను ఇట్టే పట్టేసుకుంటుంది. రెండు దిక్కులకూ నడిచే చర్యలో ఒక పక్కనున్న ఆల్డిహైడ్‌ను ఎవరో తీసుకుపోతుంటే, ఆ లోటు పూడ్చడానికి ఇమీన్ ముళ్లు ఒక్కొక్కటిగా విడిపోతాయి. లీ షాట్లియర్ సూత్రం ఇంటర్మీడియట్ పుస్తకంలో చదివినవారికి ఇది గుర్తుంటుంది. పైగా ఆ ద్రావణం ఆమ్లం వైపు ఉంటుంది కాబట్టి దెబ్బ రెండు వైపుల నుంచి పడుతుంది. బఫర్‌లో రోజుల తరబడి నిలిచిన జెల్ ఇక్కడ ఎంతసేపు నిలుస్తుందో వేరుగా కొలవాల్సిందే.

చేతులు ముంచే క్లోరిన్ నీళ్లు ఇంకో పరీక్ష. క్లోరిన్ అమీన్‌లను క్లోరమీన్‌లుగా మారుస్తుంది, కర్బన రంగులను వెలవెలబోయేలా చేస్తుంది. కట్టు మీద వెలుగు తగ్గితే అది గాయం చెప్పిన కబురో, క్లోరిన్ చేసిన నష్టమో తేల్చడం ఎలా? ఒకటికి రెండు రంగులు పెట్టి, ఒకటి మారినా రెండోది మారకుండా ఉండేలా చూసి, ఆ రెంటి నిష్పత్తిని చదవడం దీనికి కొంతవరకు జవాబు. ఆ రెండో రంగు క్లోరిన్‌కు తట్టుకోవాలి. చెరువుల దగ్గర ఉప్పు సంగతి చూడాలి. గోదావరికి వరద వచ్చినప్పుడు సముద్రపు మొగలోని నీరు దాదాపు తీపిదవుతుంది, వేసవిలో ఉప్పు ఎగువకు పాకుతుంది. ఆవేశం ఉన్న గొలుసులతో చేసిన జెల్ ఉప్పునీటిలో ముడుచుకుంటుంది, మంచినీటిలో ఉబ్బుతుంది. ఉబ్బితే ముళ్ల మధ్య దూరం పెరిగి పట్టు సడలుతుంది. జూన్‌లో సరిగ్గా పనిచేసిన జెల్ ముక్క సెప్టెంబరులో వేరే అంకె చూపవచ్చు.

బైసల్ఫైట్‌కు లొంగని ముడి కావాలంటే ఆల్డిహైడ్ మీద ఆధారపడనిది వెతకాలి. బోరాన్ ముడి అలాంటిదే, కానీ అది క్షారంలో బాగా నిలుస్తుంది, ఆమ్లంలో వదులవుతుంది. ఎసైల్ హైడ్రజోన్ ముడి ఇమీన్‌కు అన్నలాంటిది, నీళ్లలో మరింత గట్టిది, అయినా ఆల్డిహైడ్ వంశమే. ఆల్జినేట్, కాల్షియం ముడికి బైసల్ఫైట్ భయం తక్కువ, కానీ ఉప్పునీటిలోని సోడియం కాల్షియాన్ని నెమ్మదిగా తోసేస్తుంది. ఈ పనికి ఒక్క ముడి సరిపోదనే చెప్పాలి. అంటుకునే పక్క ఒక రసాయనంతో, తొట్టి వైపున్న పక్క పల్చటి రక్షణ పొరతో, రెండు ముఖాల జెల్ చేయడమే సహేతుకంగా కనిపిస్తుంది.

ముడిసరుకు ఇక్కడే ఉందన్న మాటను కూడా జాగ్రత్తగా తూచాలి. దేశంలో 2009లో వెనామీ రొయ్య పెంపకానికి అనుమతి వచ్చాక డెల్టాలో చెరువులు, వాటి వెంట తొక్కల కుప్పలు పెరిగాయి. రకాన్నీ, ఒలిచే తీరునూ బట్టి రొయ్య తూకంలో 40 నుంచి 50 శాతం దాకా తలా తొక్కా రూపంలో పోతుంది. ఎండు తొక్కలో కైటిన్ సుమారు 15 నుంచి 30 శాతం. దాన్ని రాబట్టడానికి హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో సున్నాన్ని, పల్చటి కాస్టిక్ సోడాతో ప్రోటీన్‌ను తీసేసి, చివరికి 40 నుంచి 50 శాతం గాఢమైన వేడి కాస్టిక్ సోడాలో ఉడికించాలి. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక పరిశోధన సంస్థ ఈ పద్ధతుల మీద ఎన్నో ఏళ్లుగా పనిచేస్తోంది. కడుగు నీళ్లను శుద్ధి చేయకుండా డ్రెయిన్లలోకి వదిలితే తొక్కల కుప్ప తీసి కాలువకు పుండు పెట్టినట్టవుతుంది. అంతేకాదు, ఎసిటైల్ ఎంత శాతం పోయింది, గొలుసు ఎంత పొడవు మిగిలిందన్నవి ప్రతి బ్యాచ్‌కూ మారితే అమీన్‌ల లెక్క మారుతుంది, దానితో ముళ్ల లెక్కా మారుతుంది. పశువుల మేతకో పంట పొలానికో పోయే కైటోసాన్‌కు ఈ తేడా పట్టదు. గాయం మీద పెట్టేదానికి ప్రాణం.

కైటోసాన్‌ను గాయానికి వాడడం కొత్త సాహసమేమీ కాదు. నెత్తురు ఆపే కైటోసాన్ కట్టుకు అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2002లోనే అనుమతి ఇచ్చింది. ధనావేశం ఉన్న దాని గొలుసులు రుణావేశం ఉన్న ఎర్రకణాలను దగ్గరికి లాగి గడ్డకట్టిస్తాయి. రొయ్య పడనివారి విషయంలో జాగ్రత్త అవసరం. ఆ ఎలర్జీకి ప్రధాన కారణం ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్ కాబట్టి శుద్ధి ఎంత బాగా జరిగిందన్నది మళ్లీ ముందుకొస్తుంది. మన దేశంలో గాయపు కట్టు 2017 నాటి వైద్య పరికరాల నిబంధనల కిందికి వస్తుంది. స్టెరిలైజేషన్‌కు వాడే గామా కిరణాలు, వేడి ఆవిరి రెండూ కైటోసాన్ గొలుసులను తెంచగలవు. శుద్ధి చేశాక కూడా జెల్ అదే జెల్‌గా ఉందని చూపాలి.

డెల్టా నీళ్లకు తగిన జెల్ ఏదో తేల్చే తొలి పరీక్షకు పెద్ద యంత్రాలు అక్కర్లేదు. షెడ్డులో రోజూ వాడే ఐసు నీళ్లు, మెటాబైసల్ఫైట్ నీళ్లు, క్లోరిన్ నీళ్లు, వాటి పక్కన చెరువు నీళ్లు నాలుగు సీసాల్లో పట్టాలి. ఒకే జెల్‌ను నాలుగు ముక్కలు కోసి, పంది చర్మపు ముక్కల మీద అతికించి, ఒక్కో సీసాలో వేయాలి. ఒక షిఫ్టు సమయం, అంటే 8 గంటలు, గంటకోసారి చీకటి పెట్టెలో నోట్ల టార్చి వేసి చూడాలి. ఏ ముక్క ముందు ఊడింది, ఏ ముక్కలో వెలుగు ముందు ఆరింది, ఆ రెండూ ఒకే గంటలో జరిగాయా లేదా అన్నది రాసుకోవాలి.